ఇంజన్ ఎక్కించడం రెండు రోజుల పని కాదు

సంపాదకులకు,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో అమెరికాలోని పాత పికప్ ట్రక్కుల గురించి ప్రచురించిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. టెక్సాస్ ఊళ్లలో ఆ బండ్లకున్న ఆదరణను, తాత నడిపిన బండిని మనవడు మళ్లీ రోడ్డెక్కించాలనుకునే మమకారాన్ని వ్యాసకర్త చక్కగా పట్టుకున్నారు. అయితే అందులోని ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పాత ఇంజన్ దింపి కొత్త ఇంజనూ ఆటోమేటిక్ గేర్‌బాక్సూ ఎక్కించడం ఇద్దరు మనుషులకు రెండు రోజుల పని అని వారు రాశారు. ఇంజన్ దింపడానికి రెండు రోజులు చాలునన్న మాట నిజమే. నా బండి విషయంలో దింపడానికి ఒక్క శనివారం సరిపోయింది. ఎక్కించి, రోడ్డు మీదికి తెచ్చి, ఇంటావిడను పక్కన కూర్చోబెట్టుకుని ధైర్యంగా బయలుదేరడానికి మాత్రం పదకొండు నెలల శని ఆదివారాలు పట్టాయి. ఆ వాక్యాన్ని నమ్మి ఎవరైనా పానా చేతపట్టుకుంటారేమోనన్న భయంతోనే ఈ లేఖ రాస్తున్నాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి లారీ షెడ్డులో పెరిగినవాడిని. ప్రస్తుతం ఫోర్ట్‌వర్త్ సమీపంలో ఉంటున్నాను. నా దగ్గర ఉన్నది 1968 నాటి షెవర్లే సి-10, పొడవు తొట్టి ఉన్న రకం. 1967 నుంచి 1972 వరకు ఒకే ఆకారంతో వచ్చిన ఈ తరం బండ్లకే ఇక్కడ గిరాకీ ఎక్కువ. నా బండికి కంపెనీ నుంచి వచ్చింది 250 ఘనపు అంగుళాల, అంటే సుమారు 4.1 లీటర్ల, వరుసగా ఆరు సిలిండర్లున్న ఇంజన్. గేర్లు మూడు, గేరు రాడ్డు స్టీరింగ్ కాడ మీద, కింద క్లచ్ పెడల్. ఆ ఇంజన్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఎడమ మోకాలు క్లచ్‌కు సహకరించకపోవడం వల్లే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆలోచన పుట్టింది, గేర్‌బాక్స్ మార్చేటప్పుడు ఇంజన్ కూడా మారిస్తే పోలేదా అన్న దురాశ దాని వెంట వచ్చింది.

వ్యాసంలో చెప్పినట్లు, ఇప్పుడు ఎక్కువమంది ఎంచుకుంటున్నది జనరల్ మోటార్స్ వారి ఎల్‌ఎస్ కుటుంబపు వి-8 (వి ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న) ఇంజన్లనే. 1997లో కార్వెట్ కారుతో మొదలైన ఈ కుటుంబం 1999 మోడల్ నుంచి పికప్ ట్రక్కుల్లోకీ వచ్చింది. కోట్ల రూపాయల కార్లకు తగిన పేరున్నా, నిజానికి ఇది పాతసామాను యార్డులో దొరికే సరుకు. గుద్దుకున్న ట్రక్కుల నుంచి తీసిన 5.3 లీటర్ల ఇంజన్లు వరుసగా పేర్చి ఉంటాయి. నేను తెచ్చుకున్నదీ అదే. నా పాత ఇంజన్ బలం అప్పటి లెక్కలో 155 హార్స్‌పవర్ కాగా, 2000ల తొలినాళ్ల 5.3 ఇంజన్‌కు కంపెనీ చెప్పిన బలం 285. అప్పట్లో ఫ్యాను, సైలెన్సర్ వంటివేవీ తగిలించకుండా ఉత్త ఇంజన్‌ను కొలిచేవారు కాబట్టి అసలు తేడా ఇంకా ఎక్కువే.

ఇంజన్ పాత ఛాసిస్‌లో కూర్చోవడం పెద్ద సమస్య కాదు. ఇంజన్‌ను ఛాసిస్ మీద నిలిపే ఫౌండేషన్ల కోసం అడాప్టర్ ప్లేట్లు బజారులో దొరుకుతాయి. ట్రక్కు ఇంజన్ ఆయిల్ చాంబర్ లోతుగా ఉండి ఛాసిస్ ముందరి అడ్డపట్టీకి (క్రాస్‌మెంబర్‌కు) తగులుతుంది కనుక, 1998 నుంచి 2002 వరకు వచ్చిన కమారో కారు చాంబర్ వేసుకుంటారు. ఇవన్నీ కంటికి కనిపించే అడ్డంకులు. కంటికి కనిపించనివి వెనుకవైపు, ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట ఉంటాయి. ఎల్‌ఎస్ ఇంజన్ వెనుక భాగంలోని బోల్టు రంధ్రాలు పాత షెవర్లే వి-8 రంధ్రాలతో దాదాపుగా సరిపోతాయి. ఆ పోలిక చూసి పాత గేర్‌బాక్స్‌ను నేరుగా తగిలిస్తే మోసపోతాం. ఇంజన్ తిప్పే ప్రధాన ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, చివర పాత షెవర్లే వి-8 కంటే 0.4 అంగుళం, అంటే సుమారు 10 మిల్లీమీటర్లు, లోపలికి ఉంటుంది. అందువల్ల పాత తరం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెట్టదలచుకున్నవారు మధ్యలో స్పేసరూ దానికి తగ్గ పొడవైన బోల్టులూ వేయవలసి ఉంటుంది. రంధ్రాలు కలిశాయి కదా అని బోల్టులు బిగించేసిన వారికి ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

గేర్‌బాక్స్ ఎంపిక గురించి వ్యాసకర్త ఒక్క ముక్కే చెప్పారు, ‘ఏదైనా ఆటోమేటిక్ గేర్‌బాక్స్’ అని. నా అభ్యంతరమంతా ఆ ‘ఏదైనా’ దగ్గరే. ఇంజనూ గేర్‌బాక్సూ రెండు వేర్వేరు కొనుగోళ్లు కావు, ఒకే నిర్ణయం. 1969 మోడల్‌తో వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 350 మొండిది, కంప్యూటర్ అక్కర్లేదు, కానీ దానికి మూడే గేర్లు. 1982లో వచ్చిన 700ఆర్4కు నాలుగో గేరు ఉంది, కంప్యూటర్ లేకుండానూ నడుస్తుంది. అయితే ఎక్సలేటర్‌కు తగిలించే దాని కేబుల్ కొలత తప్పితే లోపల ఆయిల్ ఒత్తిడి పడిపోయి క్లచ్ ప్లేట్లు మాడిపోతాయి. కార్బొరేటర్ బండ్ల కోసం చేసిన ఆ కేబుల్‌ను వేరే ఇంజన్‌కు సరిగ్గా అమర్చడం ఓపికతో కూడిన పని. అదే గేర్‌బాక్స్‌కు 1993 నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్ రూపమే 4ఎల్60ఇ. దీనికి ఆ కేబుల్ బెడద లేదు గాని, ఇంజన్ కంప్యూటర్ చెబితేనే గేర్లు మారతాయి. ఇంజన్, కంప్యూటర్, గేర్‌బాక్స్ మూడూ ఒకే బండి నుంచి తెచ్చుకోగలిగితే సగం తలనొప్పి అక్కడే తప్పుతుంది. నేను అలాగే చేశాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

నాలుగో గేరు ఎందుకంటారా? నా బండి వెనుక యాక్సిల్ నిష్పత్తి 3.73, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ 3.73 చుట్లు తిరగాలి. టైరు ఎత్తు 28 అంగుళాలు. గంటకు 70 మైళ్ల వేగంతో పోతున్నప్పుడు మూడో గేరులో ఇంజన్ నిమిషానికి సుమారు 3,130 చుట్లు తిరుగుతుంది. 4ఎల్60ఇ నాలుగో గేరు నిష్పత్తి 0.70 కాబట్టి అదే వేగానికి చుట్లు 2,190కి దిగుతాయి. కాగితం మీద ఇది చిన్న తేడాగానే కనిపించవచ్చు. డల్లాస్ నుంచి హూస్టన్ దాకా నాలుగు గంటలు ఆ చప్పుడు మధ్య కూర్చున్నవారికి ఆ తేడా ఎంతో తెలుస్తుంది.

ఇక నేను చేసిన తప్పు గురించి చెప్పాలి. దీన్ని దాచుకుంటే ఈ లేఖకు అర్థం లేదు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ముందు భాగంలో, క్లచ్‌కు బదులుగా ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ ఉంటుంది. నొక్కి చదును చేసిన గుమ్మడికాయ ఆకారంలో ఉండే ఉక్కు డబ్బా అది. లోపల ఆయిల్ ఉంటుంది కనుక బరువు కూడా బాగానే ఉంటుంది. దాన్ని గేర్‌బాక్స్ షాఫ్ట్ మీదికి ఎక్కించి, చేత్తో తిప్పుతూ లోపలికి నెట్టాలి. అది ఒకేసారి కూర్చోదు. మొదట ఒక పళ్ల వరుస, ఆ తరువాత రెండోది, చివరికి గేర్‌బాక్స్ ఆయిల్ పంపు గాడి, ఇలా మూడు మెట్లు దిగుతుంది. ఒక్కో మెట్టు దిగినప్పుడు అరచేతికి చిన్న కుదుపు తగిలి టక్కుమని శబ్దం వస్తుంది. నేను రెండు టక్కులు విన్నాను. మూడోది కూడా విన్నాననుకున్నాను.

గేర్‌బాక్స్‌ను జాకీ మీద పైకి లేపి ఇంజన్‌కు ఆనించినప్పుడు బెల్ హౌసింగ్‌కూ (కన్వర్టర్‌ను కప్పి ఉంచే గేర్‌బాక్స్ ముందు డొప్పకూ) ఇంజన్‌కూ మధ్య వేలెడు సందు మిగిలిపోయింది. ఎంత నెట్టినా ఆ సందు పూడలేదు. అప్పటికి చీకటి పడింది, నడుము పట్టేసింది, జాకీ పట్టుకుని నిలబడ్డ మా అబ్బాయి మాటిమాటికీ ఫోను వంక చూస్తున్నాడు. రెండు పక్కలా రెండు బోల్టులు ఎక్కించి, ఇటు కొంచెం అటు కొంచెం బిగిస్తూ పోయాను. సందు పూడింది. నా ఆనందానికి అంతు లేదు. మర్నాడు క్రాంక్ పుల్లీకి పానా పెట్టి ఇంజన్‌ను తిప్పబోతే తిరగలేదు. చాలాకాలం యార్డులో పడి ఉన్న ఇంజన్ కదా, బిగుసుకుపోయిందేమోలే అని సర్దిచెప్పుకుని, బలమైన పానాతో ఎలాగో తిప్పాను. మూడు వారాల తరువాత ఇంజన్ మొదటిసారి చక్కగా అంటుకుంది. డ్రైవ్‌లో వేస్తే బండి అంగుళం కదలలేదు, కింద నుంచి ఇనుము ఇనుమును నమిలే కీచుమనే శబ్దం మాత్రం వచ్చింది.

గేర్‌బాక్స్ దింపి విప్పి చూస్తే పంపు లోపలి రోటర్ ముక్కలై ఉంది. కన్వర్టర్ మూడో మెట్టు దిగలేదు. నేను బిగించిన బోల్టులు ఇంజన్‌కూ పంపుకూ మధ్య దాన్ని దిగగొట్టి నలిపేశాయి. ఇనుప రజను ఆయిల్‌తో పాటు, దాన్ని చల్లబరిచే కూలర్ గొట్టాల్లోకీ పోయింది కాబట్టి పంపుతో పాటు కూలర్‌ను, గొట్టాలను కూడా మార్చవలసి వచ్చింది. ఖర్చు చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆ వారం ఆటోనగర్‌కు ఫోను చేశాను. మా నాన్నగారి షెడ్డులో నలభై ఏళ్లు పనిచేసిన పెద్దమేస్త్రి ఇప్పటికీ ఉన్నారు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయన జీవితంలో విప్పలేదు. కథంతా విని, “బోల్టు ఉన్నది బిగించడానికిరా అబ్బాయ్, లాగడానికి కాదు. చిన్నప్పుడు లారీ గేర్‌బాక్స్ కింద నీకు ఎన్నిసార్లు చెప్పాను?” అన్నారు. చెప్పిన మాట నిజమే. లారీ గేర్‌బాక్స్ షాఫ్ట్ క్లచ్ ప్లేటులో సరిగా కూర్చోనప్పుడు బోల్టులతో లాగితే ప్లేటు వంగిపోతుందని ఆయన నాకు పన్నెండేళ్ల వయసులోనే చూపించారు. టెక్సాస్‌లో కూడా ఇనుముది అదే స్వభావమని నేనే మరచిపోయాను.

ఈ పని తలపెట్టేవారు గుర్తుంచుకోవలసిన కొలత ఒకటే ఉంది. బెల్ హౌసింగ్ చేతి ఒత్తిడితోనే ఇంజన్‌కు పూర్తిగా ఆనాలి. అలా ఆనిన తరువాత కన్వర్టర్ చేత్తో సులభంగా తిరగాలి, దానికీ ఇంజన్ వెనుకనున్న పలుచని ఉక్కు పళ్లెం ఫ్లెక్స్‌ప్లేటుకూ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. కన్వర్టర్‌ను ముందుకు జరిపి ఆ సందును మూసిన తరువాతే దాని బోల్టులు బిగించాలి. సందు లేకపోతే అది లోపల కూర్చోలేదని అర్థం. మళ్లీ గేర్‌బాక్స్ దింపాలి, ఎంత చీకటి పడినా సరే.

గేర్‌బాక్స్ నుంచి వెనుక యాక్సిల్‌కు బలాన్ని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ విషయంలోనూ ఇలాంటి కొలతలే ఉన్నాయి. గేర్‌బాక్స్ పొడవు మారింది కనుక షాఫ్ట్ పొడవూ మారుతుంది. బండి జాకీల మీద ఉన్నప్పుడు వెనుక యాక్సిల్ కిందికి వేలాడుతుంది కాబట్టి ఆ స్థితిలో తీసిన కొలత పనికిరాదు. బండి తన బరువు మీద, తన టైర్ల మీద నిలబడినప్పుడే కొలవాలి. షాఫ్ట్ రెండు చివరలా కీళ్లలా పనిచేసే క్రాస్‌లు ఉంటాయి; గేర్‌బాక్స్ వైపు క్రాస్ కోణమూ యాక్సిల్ వైపు క్రాస్ కోణమూ దాదాపు సమానంగా, ఒకటి నుంచి మూడు డిగ్రీల మధ్య ఉండాలి. లేకపోతే 60 మైళ్ల దగ్గర బండి మొత్తం వణుకుతుంది, మనం టైర్లను అనుమానిస్తూ తిరుగుతాం.

వ్యాసంలో అసలు ప్రస్తావనకే రాని రెండు విషయాలు నా దృష్టిలో ఇంజన్ కంటే ముఖ్యమైనవి. మొదటిది పెట్రోలు ట్యాంకు. ఈ తరం సి-10 బండ్లలో ట్యాంకు ఎక్కడ ఉంటుందో తెలియనివారు వింటే నమ్మరు. అది క్యాబిన్ లోపల, సీటు వెనుక ఉంటుంది. డ్రైవరు వీపుకూ సుమారు 20 గ్యాలన్ల పెట్రోలుకూ మధ్య సీటు దిండు తప్ప మరేమీ లేదు. వేసవి మధ్యాహ్నం తలుపు తెరిస్తే వాసన ముందు పలకరిస్తుంది. పాత కార్బొరేటర్ ఇంజన్‌కు ఐదారు పౌండ్ల ఒత్తిడి చాలు. ఎల్‌ఎస్ ఇంజన్‌కు చదరపు అంగుళానికి 58 పౌండ్లు కావాలి. అంటే ఐదారు పౌండ్లకు అలవాటు పడిన యాభై ఏళ్లనాటి గొట్టాలు, రబ్బరు పైపులు, క్లిప్పులు దాదాపు పది రెట్ల ఒత్తిడిని భరించాలి. అవి భరించవు, భరిస్తాయని ఆశించనూ కూడదు. ట్యాంకును తొట్టి కింద, వెనుక ఛాసిస్ పట్టీల మధ్యకు మార్చి, లోపలే ఎలక్ట్రిక్ పంపు పెట్టి, కొత్త గొట్టాలు వేయడమే మార్గం. కేవలం ఈ పనికే నాకు ఆరు ఆదివారాలు పట్టాయి.

రెండోది బ్రేకులు. షెవర్లే పికప్‌లకు ముందు డిస్క్ బ్రేకులు కంపెనీ నుంచే రావడం 1971 మోడల్‌తో మొదలైంది. 1968 నాటి నా బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. 155 హార్స్‌పవర్ బండితో వచ్చిన ఆ డ్రమ్ములతో 285 హార్స్‌పవర్ బండిని ఆపుదామనుకోవడం సాహసం. మా టెక్సాస్‌లో సొంత వాడకం బండ్లకు ఏటా జరిగే భద్రతా తనిఖీని 2025 జనవరి 1 నుంచి ఎత్తివేశారు. పొగ పరీక్ష కొన్ని జిల్లాల్లో మిగిలినా, ఇంత పాత బండ్లకు అది వర్తించదు. అంటే నా బండి బ్రేకులు చూసేవాడు ప్రభుత్వం తరఫున ఎవడూ లేడు. ఇది సౌకర్యమని కొందరు మిత్రులు మురిసిపోతున్నారు, నాకు మాత్రం అలా అనిపించదు. ముందు చక్రాలకు డిస్కులు, వాటికి తగిన మాస్టర్ సిలిండర్, బూస్టర్ వేసిన తరువాతే నేను కొత్త ఇంజన్‌తో వీధి దాటాను.

వైరింగ్ గురించి క్లుప్తంగా చెబుతాను. ఇంజన్ కంప్యూటర్‌లో దొంగతనాల నివారణకు పెట్టిన తాళాన్ని సాఫ్ట్‌వేర్‌తో తొలగించకపోతే ఇంజన్ అంటుకుని రెండు క్షణాల్లో ఆగిపోతుంది, మనం పెట్రోలు అందడం లేదనుకుని పంపు మారుస్తాం. పార్క్, న్యూట్రల్ స్థానాల్లో తప్ప సెల్ఫ్ తిరగకుండా ఉండే స్విచ్‌ను తప్పనిసరిగా కలపాలి. క్లచ్ పెడల్ పోయిన బండి గేరులో ఉండగా స్టార్ట్ అయితే, ఎదురుగా ఉన్న గోడ మీదికో మనిషి మీదికో పోతుంది. ఎల్‌ఎస్ సిలిండర్ హెడ్‌ల పైభాగం నుంచి ఆవిరి బయటికి పోయే సన్నని గొట్టాన్ని రేడియేటర్‌కు కలపడం మరచిపోతే, మీటరు ముల్లు మామూలుగానే ఉన్నా లోపల హెడ్ ఉడికిపోతుంది.

మీ వ్యాసం చివర, మన ఊళ్లలోనూ పాత జీపులకు, వ్యాన్లకు ఇలా కొత్త ప్రాణం పోయవచ్చని సూచించారు. ఇక్కడ చట్టం సంగతి కూడా చెప్పి ఉండవలసింది. కంపెనీ మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని యజమాని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతిని స్పష్టం చేసింది. యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తూ 2021లో తెచ్చిన నిబంధనలు సైతం బండి అసలు రూపంలో ఉండాలనీ, ఛాసిస్‌నో బాడీనో ఇంజన్‌నో పెద్దగా మార్చి ఉండకూడదనీ అంటున్నాయి. కాబట్టి టెక్సాస్‌లో నేను నా గ్యారేజీలో చేసుకున్న పనిని గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న పాఠకుడు అనుకరిస్తే, బండి నడిచినా కాగితాలు నడవవు.

పాత బండిని కంపెనీ ఇచ్చినట్లే ఉంచాలని వాదించే మిత్రులు ఇక్కడా ఉన్నారు, వారి మాటను నేను తీసిపారేయను. నా ఆరు సిలిండర్ల ఇంజన్‌ను అమ్మలేదు. నూనె పూసి, టార్పాలిన్ చుట్టి, గ్యారేజీ మూలన బల్ల మీద పెట్టాను. దాని మూడు గేర్ల పెట్టె, క్లచ్ పెడల్, స్టీరింగ్ కాడ మీది రాడ్డు కూడా పక్కనే ఉన్నాయి. ఛాసిస్‌కు కొత్తగా ఒక్క రంధ్రం కూడా వేయకుండా పని ముగించాలన్న పట్టుదల వల్లే పదకొండు నెలల్లో రెండు నెలలు అదనంగా పట్టాయి. నా తరువాత ఎవరైనా వెనక్కి మార్చదలిస్తే మార్చుకోవచ్చు.

స్థలాభావం వల్ల ఈ లేఖను కుదించవలసి వస్తే నా బండి కథనూ మోకాలి సంగతినీ నిరభ్యంతరంగా తీసివేయండి. కన్వర్టర్‌కూ ఫ్లెక్స్‌ప్లేటుకూ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉండాలన్న మాటనూ, ట్యాంకు సీటు వెనుక ఉంటుందన్న మాటనూ మాత్రం దయచేసి అచ్చువేయండి.

భవదీయుడు,
ఒక పాత పాఠకుడు
ఫోర్ట్‌వర్త్, టెక్సాస్